అనుభవం లేదన్నారు.. కొండమీది తీగకు పేరు పెట్టాడు

ఫ్రెషర్‌గా ఇంటర్వ్యూకి వెళ్తారు. అంతా బాగానే జరుగుతుంది. చివర్లో ఎదురుగా కూర్చున్నాయన రెజ్యూమె పక్కన పెట్టి, మాకు కాస్త అనుభవం ఉన్నవాళ్లు కావాలి అంటాడు. మీరు సరే సార్ అని బయటికొస్తారు. అప్పుడేం చెప్పాల్సిందో బస్టాప్‌లో నిలబడ్డాక తడుతుంది. నాకిలా మూడుసార్లు అయింది. మూడుసార్లూ జవాబు బస్టాప్‌లోనే దొరికింది.

1839లో జోసెఫ్ డాల్టన్ హుకర్ అనే కుర్రాడికి మాత్రం అక్కడికక్కడే తట్టింది. అతనికి ఇరవై రెండేళ్లు ఇంకా నిండలేదు. గ్లాస్గోలో వైద్యం చదివాడు గానీ మనసంతా మొక్కల మీదే. జేమ్స్ క్లార్క్ రాస్ అనే కెప్టెన్ రెండు ఓడలతో అంటార్కిటికా వైపు వెళ్తున్నాడని తెలిసి, ప్రకృతి శాస్త్రవేత్త పోస్టు నాకివ్వండని అడిగాడు. రాస్ కుదరదన్నాడు. డార్విన్‌లా నలుగురికీ తెలిసిన మనిషి కావాలన్నాడు. హుకర్ మధ్యలోనే అందుకుని, ఓడెక్కకముందు ఆ డార్విన్ మాత్రం ఎవరికి తెలుసని అడిగాడు. సబ్జెక్టు నాకంటే ఎక్కువే తెలిసి ఉండొచ్చు, కానీ ఆయన్ను అంతటివాణ్ని చేసింది ఆ ప్రయాణమే కదా అని వాదించాడు. ఈ సంగతి నాన్నకు రాసిన ఉత్తరంలో అతనే చెప్పుకున్నాడు.

ఆ మాటకు కెప్టెన్ లేచి చేయి కలిపాడని రాయాలని నాకూ ఉంది. అలా జరగలేదు. హుకర్‌కు దక్కింది అసిస్టెంట్ సర్జన్ ఉద్యోగం, దాంతోపాటు మొక్కల పని. అతని పైన ఉన్న సర్జన్‌కు జంతువుల పని వెళ్లింది. హుకర్ బేరమాడకుండా ఓడెక్కేశాడు.

ఇరవై ఏళ్ల తర్వాత ఇదే మనిషి బోర్నియో దీవిలోని ఒక తీగజాతి మొక్కను శాస్త్ర ప్రపంచానికి మొదటిసారి పరిచయం చేశాడు. దాని పేరు నెపెంథిస్ రాజా. స్కూల్లో కీటకాహార మొక్కల పాఠంలో కూజా మొక్క బొమ్మ చూసే ఉంటారు కదా, ఆ కుటుంబానికే ఇది పెద్దన్న లాంటిది. ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదంలో ఉంది. విశేషమేంటంటే, హుకర్ బోర్నియోలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. ఆ కొండ చూడకుండా, లండన్ పక్కన బల్ల ముందు కూర్చుని, ఇది ఇంతవరకు ఎవరూ వర్ణించని జాతి అని తేల్చేశాడు. ఆ చూపు ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. హుకర్‌ది ఏమీ లేని ఇంటి నుంచి పైకొచ్చిన కథ కాదు. 1817లో ఇంగ్లాండ్‌లోని హేల్స్‌వర్త్ అనే ఊళ్లో పుట్టాడు. నాన్న విలియం హుకర్ గ్లాస్గో యూనివర్సిటీలో వృక్షశాస్త్ర ప్రొఫెసర్. ఏడేళ్ల వయసు నుంచే పిల్లాడు నాన్న క్లాసుల్లో కూర్చునేవాడు. 1841లో ఆ నాన్నే క్యూ ఉద్యానవనానికి డైరెక్టర్ అయ్యాడు. (క్యూ అంటే లైన్ కాదు, లండన్ పక్కన థేమ్స్ ఒడ్డున ఉన్న పెద్ద తోట.) మన భాషలో చెప్పాలంటే గట్టి రికమండేషన్ ఉన్న కుర్రాడు.

ఇది ఆయన పేరులోనే అతుక్కుపోయింది. మొక్కల శాస్త్రీయ నామం చివర, ఆ పేరు పెట్టినవాళ్ల గుర్తు పొట్టిగా రాస్తారు. మన శేషాచలం కొండల ఎర్రచందనం తీసుకోండి. పూర్తి పేరు టెరోకార్పస్ శాంటలైనస్ ఎల్.ఎఫ్. ఎల్ అంటే లిన్నేయస్. ఎఫ్ అంటే ఫిలియస్, లాటిన్‌లో కొడుకు. అంటే ఎర్రచందనానికి పేరు పెట్టింది అందరికీ తెలిసిన పెద్ద లిన్నేయస్ కాదు, వాళ్లబ్బాయి. జోసెఫ్ హుకర్ గుర్తు కూడా అలాంటిదే: హుక్.ఎఫ్. నాన్నను మించిన పేరు తెచ్చుకున్నా, మొక్కల పుస్తకాల్లో ఆయన ఈరోజుకీ ఫలానావారి అబ్బాయే.

సరే, ఓడ దగ్గరికి వద్దాం. ఎరెబస్ ఓడలో నాలుగేళ్లు. డార్విన్ తన సముద్రయానం గురించి రాసిన పుస్తకం అచ్చులో ఉన్నప్పుడే దాని ప్రూఫులు హుకర్ చేతికొచ్చాయి. బయల్దేరే ముందు రోజుల్లో వాటిని దిండు కింద పెట్టుకుని, నిద్ర లేవగానే చదివేవాడట. టాస్మేనియా, న్యూజిలాండ్, ఫాక్‌లాండ్స్, కెర్గులెన్ లాంటి దీవుల్లో ఓడ ఆగిన చోటల్లా దిగి మొక్కలు సేకరించాడు. గడ్డకట్టిన రాళ్లకు అంటుకున్న లైకెన్లు ఊడి రాకపోతే, మంచు కరిగేదాకా వాటిమీదే కూర్చునేవాడు. ఈ ప్రయాణంలోనే అన్న విలియం జమైకాలో జ్వరంతో చనిపోయాడన్న కబురు అందింది. ఓడ వెనక్కి తిరగదు కాబట్టి పని చేసుకుంటూ పోవడమే.

1843లో తిరిగొచ్చాడు. కొద్ది నెలలకే డార్విన్ నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. జీవజాతులు మారతాయన్న తన ఆలోచనను డార్విన్ మొదట నమ్మి చెప్పిన కొద్దిమందిలో హుకర్ ఒకడు. అప్పటికి అదెంత ప్రమాదకరమైన ఆలోచనో ఇద్దరికీ తెలుసు. డార్విన్ గాలపాగోస్ దీవుల్లో కోసి తెచ్చిన ఎండు మొక్కల్ని ఎవరూ సరిగా పరిశీలించకుండానే ఏళ్లు గడిచిపోయాయి. వాటిని హుకర్‌కు అప్పగించారు. ఒక్కొక్కటే విప్పి చూసుకుంటూ పోతే, చాలావరకు ఆ దీవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేనివని తేలింది. ఒకే దీవికి పరిమితమైనవి కూడా బోలెడు. డార్విన్ పక్షుల గురించి మనకు తెలుసు, కానీ దీవి లెక్కలు మొక్కల్లో ఇంకా స్పష్టంగా కనిపించాయి. దీవి అంటే చుట్టూ నీళ్లున్న నేల మాత్రమే కాదు, వేరే జాతులు పుట్టే చోటు అన్న అవగాహన హుకర్‌కు ఇక్కడే గట్టిపడింది.

ఇంత చేశాక ఉద్యోగం పరిగెత్తుకుంటూ రావాలి కదా? రాలేదు. 1845లో ఎడిన్‌బరో యూనివర్సిటీలో వృక్షశాస్త్ర ప్రొఫెసర్ పోస్టు ఖాళీ అయింది. అప్పటికే అక్కడ బదులు మనిషిగా పాఠాలు చెబుతున్నాడు. నాన్న పలుకుబడి ఉంది, పెద్దవాళ్ల సిఫార్సు ఉత్తరాలున్నాయి. కానీ నియామకం నగర కౌన్సిల్ చేతుల్లో ఉంది. అక్కడి లోకల్ రాజకీయాలు వేరు. పోస్టు ఇంకొకరికి వెళ్లింది. మరుసటి ఏడాది భూగర్భ సర్వే సంస్థలో చేరాడు. బొగ్గు గనుల్లో దొరికే మొక్కల శిలాజాలు చూడటం పని. కోరుకున్న ఉద్యోగం కాదు. కానీ రాతిలో అచ్చుపడిన సగం ఆకును చూసి మొత్తం మొక్కను ఊహించడం అక్కడ అలవాటైంది. ఇది గుర్తుపెట్టుకోండి, బోర్నియోకి వచ్చినప్పుడు పనికొస్తుంది.

1848 జనవరిలో కలకత్తాలో దిగాడు. ఆ తర్వాతి మూడేళ్లు హిమాలయాల్లో, ఈశాన్య కొండల్లో. ఇక్కడ నేను వేగంగా వెళ్లిపోతాను, ఎందుకంటే ఆ కథ ఒక్కటే పేజీ అంతా తినేస్తుంది. సిక్కింలో అడవి రోడోడెండ్రాన్ పూలు ఎన్నో కొత్త రకాలు పట్టుకున్నాడు. 1849 చివర్లో డార్జిలింగ్ అధికారి క్యాంప్‌బెల్‌తో కలిసి అనుమతి లేకుండా టిబెట్ సరిహద్దు దాటి వచ్చాక, సిక్కిం దివాన్ మనుషులు ఇద్దర్నీ పట్టుకుని వారాలపాటు బంధించారు. విడిపించుకున్న బ్రిటిష్ ప్రభుత్వం ఆ వంకతో సిక్కింలో కొంత భాగాన్ని కలిపేసుకుంది. మొక్కల కోసం వెళ్లినవాడి వెనక సామ్రాజ్యం కూడా నడిచిందన్నది దాచేస్తే కథ అబద్ధమవుతుంది. అతని మూటలు మోసి, దారి చూపి, చెట్లెక్కి కొమ్మలు దించిన లెప్చాల శ్రమ కూడా అందులో ఉంది. 1850లో స్నేహితుడు థామస్ థామ్సన్‌తో ఖాసీ కొండల్లో తిరిగాడు. కూజా మొక్కలు పెరిగే కొండలవి.

క్యూలో అసిస్టెంట్ డైరెక్టర్‌గా నికరమైన ఉద్యోగం దొరికేసరికి 1855. వయసు ముప్పై ఎనిమిదికి దగ్గర. అదీ నాన్న కిందే.

ఇప్పుడు బోర్నియో. దీవి ఉత్తరాన, ఇప్పటి మలేసియాలోని సబాలో కినబాలు పర్వతం ఉంది. ఎత్తు 4,095 మీటర్లు. అక్కడికి దగ్గర్లోని లబువాన్ అనే చిన్న దీవిలో బ్రిటిష్ ఉద్యోగి హ్యూ లో. నర్సరీ వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టాడు కాబట్టి మొక్కలంటే పిచ్చి. 1851లో ఒకసారి, 1858లో స్పెన్సర్ సెయింట్ జాన్‌తో కలిసి మళ్లీ కినబాలు ఎక్కాడు. దారి చూపింది కొండకింది ఊళ్ల డుసున్ ప్రజలు. అక్కడ దొరికిన కూజా మొక్కల్ని ఎండబెట్టి ఇంగ్లాండ్‌కు పంపాడు.

హుకర్ బల్లమీదికి వచ్చినవి ఎలా ఉండి ఉంటాయో ఊహించండి. రంగు పోయి, నలిగి, కాగితాల మధ్య అప్పడంలా అణిగిపోయిన ఆకులు. కూజాలు చప్పిడిగా. వీటిలోంచి కొత్త జాతిని ఎలా గుర్తించాలి? ముందు, అప్పటిదాకా తెలిసిన కూజా మొక్కలన్నీ బుర్రలో ఉండాలి. పక్కన ఎండు నమూనాలు ఉండాలి. తర్వాత ఒక్కో భాగాన్నీ పోల్చుతూ పోవాలి. ఆకుకు కాడ ఉందా? కూజా మూతి గుండ్రమా, ఏటవాలా? అంచు నునుపా, మడతలా? మూత ఎంత పెద్దది? నెపెంథిస్ రాజా విషయంలో ఒక చక్కటి గుర్తుంది. చాలా కూజా మొక్కల్లో నులితీగ ఆకు కొస నుంచి మొదలై, దాని చివర కూజా వేలాడుతుంది. ఇందులో నులితీగ కొసకు కాస్త ఇవతలే, ఆకు అడుగువైపు నుంచి బయల్దేరుతుంది. చేతిలో ఆకు ముక్క ఒక్కటే ఉన్నా చాలు, పట్టేయొచ్చు. కూజా అయితే ఇక చెప్పక్కర్లేదు. రెండు లీటర్లకు పైగా నీళ్లు పట్టేంత పెద్దది.

మాది సాఫ్ట్‌వేర్ లోకం కాబట్టి నాకు ఇది బగ్ రిపోర్ట్‌లా అనిపిస్తుంది. యాప్ పనిచేయట్లేదు అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ వెర్షన్‌లో, ఏం నొక్కితే, ఏమైందో రాస్తే ఇంకో ఊళ్లో కూర్చున్నవాడు కూడా అదే సమస్యను చూడగలడు. జాతి వర్ణన కూడా అంతే. అందంగా ఉంది, అద్భుతంగా ఉంది లాంటి మాటలకు అక్కడ చోటులేదు. కొలత, ఆకారం, దేనికంటే ఎలా వేరు, ఎక్కడ దొరికింది, ఎవరు తెచ్చారు. ఆ నమూనాను భద్రపరచాలి, రేపు ఎవరైనా అనుమానపడితే తీసి చూడ్డానికి. పైగా హుకర్ కాలంలో ఆ వర్ణన లాటిన్‌లో రాసేవారు. కొత్త మొక్కకు లాటిన్ లేదా ఇంగ్లిష్ ఏదైనా సరే అన్న సడలింపు 2012లో గానీ రాలేదు.

1859లో లండన్ లిన్నేయన్ సొసైటీ పత్రికలో ఆ వ్యాసం అచ్చయింది. కూజా ఎలా రూపుదిద్దుకుంటుందో మొలక దశ నుంచి చర్చిస్తూ, బోర్నియో కొత్త జాతుల్ని అందులో వర్ణించాడు. వాటిలో రాజా, లోవియై, ఎడ్వర్డ్సియానా ఉన్నాయి. రాజా అన్న పేరు సరవాక్‌కు రాజుగా కూర్చున్న ఇంగ్లిష్‌వాడు జేమ్స్ బ్రూక్ గౌరవార్థం. రెండోది హ్యూ లో పేరు, మూడోది లబువాన్ గవర్నర్ పేరు. కొండ ఎక్కించిన డుసున్ల పేరు దేనికీ లేదు. అదే ఏడాది డార్విన్ జాతుల పుట్టుక పుస్తకం వచ్చింది. అంతకు ముందు ఏడాది డార్విన్, వాలెస్‌ల సిద్ధాంతాన్ని అదే సొసైటీ ముందు పెట్టించింది లయెల్‌తో కలిసి హుకరే.

హుకర్‌లో నాకు బాగా నచ్చింది ఇంకోటి. కొత్త జాతి అని ప్రకటించడానికి ఆయన తొందరపడేవాడు కాదు. న్యూజిలాండ్ లాంటి చోట్ల నుంచి సేకర్తలు, మా దగ్గర దొరికిందల్లా కొత్తదే అని రాసేవారు. ఆయన ప్రపంచం నలుమూలల నమూనాలు పక్కపక్కన పెట్టి చూసి, ఆకు కాస్త పొడుగ్గా ఉన్నంత మాత్రాన కొత్త జాతి కాదని కొట్టేసేవాడు. వాళ్లకు కోపం వచ్చేది. కొన్నిసార్లు వాళ్లే కరెక్టు కూడా, ఎందుకంటే మొక్కను బతికుండగా చూసింది వాళ్లు. కానీ వారం రోజుల కోర్సుని రెజ్యూమెలో మూడు స్కిల్స్‌గా చీల్చి రాసుకునే మనకు (నేనూ రాశాను) ఆ పిసినారితనం కాస్త చురుక్కుమంటుంది.

1865లో నాన్న పోయాక క్యూకి డైరెక్టర్ అయ్యాడు. 1870ల మొదట్లో పైన మంత్రిగా వచ్చిన ఏర్టన్‌తో పడలేదు. తనకు చెప్పకుండా తోట వ్యవహారాల్లో వేలు పెడుతుంటే ఊరుకోలేదు, గొడవ పార్లమెంటు దాకా వెళ్లింది. చివరికి మారింది మంత్రి శాఖే. 1873లో హుకర్ రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యాడు. అదే ఏడాది మన ఖాసీ కొండల కూజా మొక్కకు నెపెంథిస్ ఖాసియానా అని పేరు పెట్టి వర్ణించాడు. భారతదేశంలో సహజంగా పెరిగే కూజా మొక్క అదొక్కటే. అదీ ఇప్పుడు ప్రమాదంలోనే ఉంది.

మరుసటి ఏడాది, 1874లో, బెల్‌ఫాస్ట్ సభలో మాంసాహార మొక్కల మీద ప్రసంగించాడు. డార్విన్ అడిగితే కూజాల్లో గుడ్డు తెల్లసొన, మాంసం ముక్కలు వేసి చూశాడు. అవి కరిగిపోయాయి. కూజా ఊరికే నీళ్లు పట్టే పాత్ర కాదు, కడుపులాంటిదని చూపించాడు. ఆ నవంబరులోనే భార్య ఫ్రాన్సిస్ చనిపోయింది. ఇంటినిండా పిల్లలు. ఆరేళ్ల కూతురిని పోగొట్టుకున్న దుఃఖం అంతకు పదకొండేళ్ల ముందుదే.

అయితే రాజా, లోవియై కూజాల అసలు గుట్టు ఆయనకు అందలేదు. అది తెలియడానికి మరో నూట ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. 2009 తర్వాత కినబాలులో కెమెరాలు పెట్టి చూసిన పరిశోధకులకు, ఉడతలా ఉండే ట్రీ ష్రూ అనే చిన్న జంతువు కూజా అంచుమీద కూర్చుని, మూత లోపలి తీపిని నాకుతూ, కూజాలోనే మలవిసర్జన చేయడం కనిపించింది. మూత నుంచి కూజా మూతికి ఉన్న దూరం సరిగ్గా ఆ జంతువు ఒంటి పొడవుకు సరిపోతుంది. ఎరువు సారంలేని ఆ మట్టిలో మొక్కకు నత్రజని అలా దొరుకుతోంది. నవ్వొచ్చే విషయమే. కానీ ఎండబెట్టిన ఆకు ఎంత చెప్పగలదో, ఎక్కడ ఆగిపోతుందో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు కనబడలేదు.

నెపెంథిస్ రాజా కినబాలు మీద, పక్కనున్న తంబుయుకోన్ కొండమీద తప్ప భూమ్మీద ఇంకెక్కడా సహజంగా పెరగదు. హుకర్ వర్ణన అచ్చయిన రెండు దశాబ్దాల్లోపే ఇంగ్లాండ్‌లోని వీచ్ నర్సరీ దానికోసం మనిషిని పంపించింది. ధనవంతుల గాజు ఇళ్లలో పెంచడానికి. పేరు పెట్టడం అంటే ఒకరకంగా అడ్రస్ బయటపెట్టడం. అందుకే ఇప్పుడు అరుదైన తీగను వర్ణించేవాళ్లు చాలామంది అది దొరికిన చోటును కావాలనే వివరంగా రాయరు. కానీ పేరు లేకపోతే రక్షణా లేదు. పేరులేని మొక్క ఆధార్ లేని మనిషిలాంటిది, ఏ జాబితాలోనూ ఎక్కదు. రాజాకు పేరుంది కాబట్టే అంతర్జాతీయ వ్యాపారాన్ని అరికట్టే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలోకి ఎక్కింది. మన ఖాసియానా కూడా అందులోనే ఉంది.

ఈ పని అయిపోయిందనుకోకండి. ప్రపంచంలో ఏటా సుమారు రెండు వేల కొత్త మొక్కజాతుల్ని ఇప్పటికీ వర్ణిస్తున్నారు. బోటనీ చదివి, ఇక టీచింగ్ తప్ప దారిలేదనుకునేవాళ్లు బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా గురించి ఒకసారి చూడండి. దాని దక్కన్ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడ పనిచేసేవాళ్లు ఇప్పటికీ తిరగేసే పుస్తకాల్లో హుకర్ రాసిన ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా ఒకటి. ఏడు సంపుటాలు, 1872 నుంచి 1897 దాకా. అంటే మధ్యలో 1885లో రిటైరై, ఆ తర్వాత పన్నెండేళ్లు ఇంకా రాస్తూనే ఉన్నాడు.

అదయ్యాక బాల్సమ్ పూల మొక్కలు పట్టుకున్నాడు. ఎండబెడితే పువ్వు నలిగి గుర్తుపట్టలేనంత పాడైపోయే రకం అవి. తొంభై దాటాక కూడా భూతద్దం కింద వాటిని నీళ్లలో నానబెట్టి, రేకులు విడదీసి చూసేవాడు. 1911 డిసెంబర్ 10న చనిపోయాడు. వయసు తొంభై నాలుగు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో, డార్విన్ ఉన్నచోట, సమాధికి స్థలం ఇస్తామన్నారు. కానీ ముందే ఆయన చెప్పి పెట్టుకున్నట్టు, క్యూ తోట పక్కన చిన్న చర్చి ఆవరణలో నాన్న దగ్గరే పూడ్చారు.